విశాఖలో ఆర్కే బీచ్‌కు వెళ్లాలా, రుషికొండకు వెళ్లాలా: ఎలా తేల్చుకోవాలి

విశాఖపట్నంలో కాపురం ఉంటున్న వాళ్ల ఇళ్లకు చుట్టాల రాక ఏడాది పొడవునా ఉంటుంది. మా ఇంటికి వచ్చిన వాళ్లు సంచులు లోపల పెట్టి కాళ్లు కడుక్కునే లోపే అడిగే మొదటి మాట, బీచ్‌కు ఎప్పుడు వెళ్దాం అని. ఏ బీచ్‌కు అని అడిగిన వాళ్లు నాకు చాలా అరుదుగా కనిపించారు. సముద్రం ఒక్కటే కదా, ఎక్కడ చూస్తే ఏమిటి అన్న భావంతో దగ్గరగా ఉన్న చోటికి వెళ్లి, అక్కడ నీళ్లలోకి దిగకూడని చోట దిగి, కూర్చోవలసిన చోట కూర్చోకుండా, ఎండ తలకెక్కాక విసుగుతో తిరిగి రావడం మాత్రం చాలాసార్లు చూశాను. నగరంలో అందరి నోటా వినపడే రెండు తీరాలు ఆర్కే బీచ్, రుషికొండ. వీటి మధ్య దూరం 12 కిలోమీటర్ల వరకు ఉంటుంది కాని, రెండింటి స్వభావం మాత్రం పూర్తిగా వేరు. మీ కుటుంబానికి, మీరు వచ్చిన రోజుకు వీటిలో ఏది తగినదో వరుసగా ఎలా తేల్చుకోవాలో కింద చెబుతున్నాను. ఈ వరుసను మార్చకండి, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు తేలకుండా మిగతావి ఆలోచించడం వల్ల ప్రయోజనం లేదు.

మొదటి మెట్టు: మీలో ఎవరైనా నీళ్లలోకి దిగుతారా?

ఇంటి దగ్గరే అందరినీ కూర్చోబెట్టి ఈ ప్రశ్న అడగండి. "అక్కడికి వెళ్లాక చూద్దాం" అన్న జవాబును ఒప్పుకోకండి, ఎందుకంటే అక్కడికి వెళ్లాక చూసేది కెరటాలను మాత్రమే, వాటి బలాన్ని కాదు. పిల్లలుంటే వాళ్లు తప్పకుండా దిగుతారనే లెక్క వేసుకోండి. పాదాలు తడుపుకుంటామని చెప్పిన కుర్రవాళ్లు మోకాళ్ల దాకా, మోకాళ్ల దాకా అన్నవాళ్లు నడుము దాకా వెళ్తారన్నది కూడా లెక్కలో ఉండాలి.

ఎవరైనా దిగుతారని తేలితే రుషికొండకే వెళ్లండి. ఎవరూ దిగరు, సముద్రాన్ని చూస్తూ కూర్చోవడమో నడవడమో చాలు అనుకుంటే ఆర్కే బీచ్ మంచిది. ఈ ఒక్క నియమం పాటిస్తే సగానికి పైగా పని తేలిపోయినట్లే. దీని వెనుక ఉన్న కారణం తెలిస్తే మీరు దానిని గట్టిగా పట్టుకుంటారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మన తూర్పు తీరం వెంట ఇసుక ఒకచోట నిలవదు. మార్చి నుంచి అక్టోబరు దాకా గాలులు, కెరటాలు నైరుతి వైపు నుంచి వస్తాయి కనుక ఇసుక తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది కాని, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1970లలో ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి కట్టిన రాతి గోడలు ఈ ఇసుకకు అడ్డుపడ్డాయి. నౌకాశ్రయానికి ఉత్తరాన ఆనుకొని ఉన్న ఆర్కే బీచ్‌కు రావలసిన ఇసుక అందక అక్కడి తీరం కోసుకుపోతూ ఉంటుంది. అందుకే పోర్టువాళ్లు డ్రెడ్జింగ్‌లో, అంటే నీటి అడుగున పూడిక తీసేటప్పుడు, వచ్చిన ఇసుకను ఈ తీరానికి పంపి నింపుతూ ఉంటారు. ఇసుక కోసుకుపోయిన చోట ఒడ్డు ఏటవాలుగా తయారవుతుంది. ఏటవాలు ఒడ్డు మీద కెరటం దూరంగా విరిగి మెల్లగా పాకుతూ రాదు. ఒడ్డుకు దగ్గరగా వచ్చి ఒక్కసారిగా విరిగి, అంతే వేగంతో వెనక్కి జారుతుంది. వెనక్కి పోయే ఆ నీరే మనిషి కాళ్ల కింది ఇసుకను తోడేసి పడగొడుతుంది. రెండడుగులు ముందుకు వేస్తే లోతు ఎంత పెరుగుతుందో పైనుంచి చూసేవారికి తెలియదు. ఆర్కే బీచ్‌లోనూ, దానికి దక్షిణంగా కోస్టల్ బ్యాటరీ వైపునా సెలవు రోజుల్లో ప్రాణాలు పోయాయన్న వార్తలు విశాఖ వాళ్లకు కొత్త కావు. వాటిలో చాలావరకు స్నేహితులతో కలిసి వచ్చిన కాలేజీ పిల్లలవి కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

రుషికొండ దగ్గర తీరం నగరం రద్దీకి దూరంగా, కొండ పక్కన, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. 2020 అక్టోబరులో మన దేశంలో మొట్టమొదటిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన 8 బీచ్‌లలో ఇది ఒకటి. డెన్మార్క్‌లో కేంద్రం ఉన్న పర్యావరణ విద్యా సంస్థ ఇచ్చే ఈ గుర్తింపుకు నీటి నాణ్యత పరీక్షలు, శుభ్రత, భద్రత, సమాచారం వంటి విషయాలలో 33 ప్రమాణాలను అందుకోవాలి. యాత్రికుడికి దీనివల్ల కలిగే అసలైన లాభం ఏమిటంటే, స్నానం చేయడానికి కేటాయించిన ఒక హద్దు, దానిని కనిపెట్టి చూసే లైఫ్‌గార్డులు, కాపలా టవరు, బట్టలు మార్చుకునే గదులు, ఉప్పునీళ్లు కడుక్కోవడానికి షవర్లు, మరుగుదొడ్లు ఒకేచోట ఉండాలన్న నిబంధన. ఈ గుర్తింపు శాశ్వతం కాదు, ఏటా మళ్లీ పొందాలి. కనుక మీరు వెళ్లిన రోజున జెండా ఎగురుతోందో లేదో, కాపలావాళ్లు ఉన్నారో లేదో మీ కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. రుషికొండలో దిగవచ్చు అంటే రుషికొండ ప్రమాదం లేని చోటని అర్థం కాదు. అక్కడ కూడా ప్రాణాలు పోయాయి. కేటాయించిన హద్దు వదిలి, కాపలా లేని పక్కకు, రాళ్ల వైపుకు వెళ్లి దిగితే ఆర్కే బీచ్‌కూ రుషికొండకూ తేడా మిగలదు. మిమ్మల్ని నేను అక్కడికి పంపుతున్నది నీళ్లు మెత్తనివని కాదు, చూసే కన్ను ఒకటి ఉంటుందని.

రెండో మెట్టు: ఏ నెలలో వచ్చారు?

జనవరి నుంచి మార్చి నడిమి దాకా సముద్రం ఉన్నంతలో నెమ్మదిగా ఉంటుంది, ఎండ కూడా కాస్తుంది కాని కాల్చదు. ఈ నెలల్లో రెండు తీరాలలో దేనికైనా నిశ్చింతగా వెళ్లవచ్చు, అంటే మొదటి మెట్టులో తేల్చుకున్న ప్రకారం. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత ఎక్కువ. ఉదయం 8 దాటాక రుషికొండ ఇసుక మీద చెప్పులు లేకుండా నడవలేరు. ఆ రోజుల్లో పగటిపూట రుషికొండ ప్రయాణం పెట్టుకోవద్దు, సాయంత్రం ఆర్కే బీచ్ గట్టు మీద గాలికి కూర్చోవడమే సుఖం.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల కెరటాలు పెద్దవిగా ఉంటాయి. ఈ కాలంలో నీళ్లలోకి దిగే ఆలోచన మానుకొని, రెండు తీరాలనూ చూసే తీరాలుగానే లెక్కించండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడిన రోజును ఇక్కడివాళ్లు ఇంకా మరచిపోలేదు. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో లంగరు తెగిన బంగ్లాదేశ్ నౌక ఒకటి ఏకంగా తెన్నేటి పార్కు కిందికి కొట్టుకొచ్చి రాళ్ల మీద ఆగిపోయింది. అంత పెద్ద ఇనుప ఓడను ఒడ్డుకు తెచ్చి పడేసిన నీళ్లు మనిషిని ఎంత తేలికగా తీసుకుపోగలవో ఊహించుకోవచ్చు.

వచ్చే రోజుకు ముందు సాయంత్రం రెండు విషయాలు చూసుకోండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం, ఎత్తైన కెరటాలు, ఉప్పెన అలల గురించి ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. తుపాను ఏదైనా ఉంటే ఓడరేవుల్లో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారో వార్తల్లో చెబుతారు. చాలామంది ఆ నంబరును ఓడలకు సంబంధించిన విషయమనుకొని పట్టించుకోరు. ఏ నంబరు హెచ్చరిక ఉన్నా సరే, ఆకాశం నీలంగా మెరుస్తున్నా సరే, ఆ రోజు నీళ్లలోకి దిగకండి. తుపాను వందల కిలోమీటర్ల దూరాన ఉండగానే దాని కెరటాలు మన ఒడ్డుకు చేరిపోతాయి.

మూడో మెట్టు: వేళ, తిథి

సూర్యోదయం చూడాలనుకుంటే రెండూ మంచివే. విశాఖ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. అందువల్ల చలికాలంలో సూర్యుడు ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు, వేసవిలో ఎడమవైపుకు జరిగి కనిపిస్తాడు. జూన్ మొదట్లో ఉదయం 5 గంటల 20 నిమిషాలు దాటగానే, జనవరిలో 6 గంటల 25 నిమిషాలు దాటాక ఉదయిస్తాడు. దానికి అరగంట ముందు అక్కడ ఉంటేనే రంగులు దక్కుతాయి. సముద్రంలోకి సూర్యుడు అస్తమించడం మాత్రం ఇక్కడ కనిపించదు, ఆయన మన వెనుక కొండల్లోకి దిగిపోతాడు. పడమటి తీరంలో తీసిన ఫొటోలు చూసి సాయంత్రం కెమెరా పట్టుకొని వచ్చే వాళ్లకు ఈ ముక్క ముందే చెప్పడం మంచిది.

తెల్లవారి వేళ ఆర్కే బీచ్‌కు ఉన్న అందం నడక. ఆ సమయంలో బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపి కొంత భాగాన్ని నడిచేవాళ్లకు వదులుతారు. పెద్దవాళ్లు, యోగా చేసేవాళ్లు, వల లాగే జాలరులు, తెప్పలు ఒడ్డుకు చేర్చేవాళ్లు కనిపిస్తారు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపస్తంభం వెలుగు ఆరిపోయే క్షణం చూడవచ్చు. రుషికొండకు తెల్లవారి వేళ ఉన్న లాభం ఖాళీ ఇసుక. 7 నుంచి 9 మధ్య నీళ్లలోకి దిగడానికి అనుకూలమైన సమయం. పదిన్నర తరువాత సముద్రపు గాలి బలపడి, నీటి మీద చిన్న అలలు లేచి, లోపల ఏం జరుగుతోందో చదవడం కష్టమవుతుంది.

తిథి సంగతి మన పెద్దవాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. పౌర్ణమికి, అమావాస్యకు అటూ ఇటూ రెండేసి రోజులు ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుంది. పోటు వేళ నీరు గట్టు దాకా వస్తుంది, ఆర్కే బీచ్‌లో అప్పుడు కూర్చోవడానికి ఇసుక మిగలదు. ఆటు వేళ నీరు లోపలికి వెళ్లేటప్పుడు లాగుడు ఎక్కువ. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి, ఒక రోజుకూ మరుసటి రోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. నిన్న ఉదయం 7 గంటలకు నీరు ఎక్కడ ఉందో తెలిస్తే ఈ రోజు ఎప్పుడు అక్కడికి వస్తుందో మీరే లెక్క కట్టుకోవచ్చు. కార్తిక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి, మహాశివరాత్రి మరునాటికి సముద్రస్నానం కోసం వేలమంది ఆర్కే బీచ్‌కు వస్తారు. పుణ్యం కోసం వచ్చేవాళ్లను నేను కాదనను. అయితే ఆ రోజులు తిథి ప్రకారమే పెద్ద పోటు రోజులని గుర్తుంచుకొని, ముసలివాళ్లను గుంపులోకి తీసుకుపోకుండా, ఒడ్డున కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు తెచ్చి తల మీద పోయండి. స్నానం స్నానమే అవుతుంది.

నాలుగో మెట్టు: మీతో ఎవరు ఉన్నారు?

మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులు వెంట ఉంటే ఆర్కే బీచ్ మేలు. రోడ్డు, నడక బాట, కూర్చునే గట్టు, సముద్రం నాలుగూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కనుక కారు దిగిన చోటు నుంచే కెరటాలు కనిపిస్తాయి. మా అమ్మకు ఇసుకలో పది అడుగులు వేయడం కూడా కష్టమైన రోజుల్లో, సాయంత్రం పూట ఆమెను ఆ గట్టు మీద కూర్చోబెడితే గంటల తరబడి పలుకకుండా సముద్రాన్ని చూసేది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను నీటికి దగ్గరగా తీసుకుపోవాలంటే మాత్రం బ్లూ ఫ్లాగ్ నిబంధనల వల్ల రుషికొండలో ఏర్పాటు చేసిన వాలు బాట ఉపయోగపడుతుంది, బయలుదేరే ముందు అది వాడకంలో ఉందో లేదో కనుక్కోండి.

ఐదారేళ్ల పిల్లలుంటే రుషికొండ, అయితే ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క పెద్ద మనిషి చొప్పున ఉంటేనే. ఇద్దరు పెద్దలు, నలుగురు పిల్లలు ఉంటే అటు వెళ్లకుండా ఆర్కే బీచ్‌లో నీటికి దూరంగా ఇసుక గూళ్లు కట్టించి, తరువాత అక్కడి జలాంతర్గామి మ్యూజియం చూపించి తీసుకురండి. కాలేజీ వయసు పిల్లలు స్నేహితులతో వెళ్తామంటే నా సలహా కఠినంగానే ఉంటుంది: ఆర్కే బీచ్‌కు వెళ్తే పాదాలు కూడా తడపవద్దు, రుషికొండకు వెళ్తే హద్దు లోపలే ఉండాలి, ఒడ్డున ఒకడు ఎప్పుడూ నీళ్లలోకి దిగకుండా మిగిలినవాళ్లను లెక్కపెడుతూ ఉండాలి.

ఐదో మెట్టు: సముద్రం కాక ఇంకేం కావాలి?

ఈ విషయంలో ఆర్కే బీచ్‌కు పోటీ లేదు. రామకృష్ణ మిషన్ ఆశ్రమం పక్కన ఉండడం వల్లే ఈ తీరానికి ఆ పేరు వచ్చింది. ఆ దగ్గరలోనే కాళీమాత గుడి ఉంది. కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఒక్కటి చూడడానికైనా మీరు ఈ తీరానికి రావాలని నేను అంటాను. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి, 1971 యుద్ధాన్ని చూసి, 2001లో విరమించాక, 2002లో ఇక్కడ ఇసుక మీద మ్యూజియంగా నిలిచింది. పొడవు 91 మీటర్లు. లోపలికి వెళ్తే మనిషి పక్కకు తిరగడానికి కూడా చోటు లేని గదుల్లో అంతమంది నెలల తరబడి ఎలా బతికారో అర్థమవుతుంది. సాధారణంగా సోమవారం సెలవు, మిగిలిన వారపు రోజుల్లో మధ్యాహ్నం నుంచి తెరుస్తారు. ఎదురుగా టీయూ-142 విమానం 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా ఉంది. 1971 యుద్ధ స్మారకం విక్టరీ ఎట్ సీ కూడా ఈ దారిలోనే కనిపిస్తుంది. ఆ యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ నగరం ముందున్న నీళ్లలోనే.

తిండి విషయానికి వస్తే, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్, మిరపకాయ బజ్జీలు, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, పిడత కింద పప్పు దొరుకుతాయి. వేసవిలో రోడ్డు పక్కన తాటి ముంజలు అమ్ముతారు. రుషికొండలో తినడానికి ఇంత వైవిధ్యం ఉండదు, కనుక ఇంటి నుంచి పులిహోరో, పెరుగన్నమో తీసుకువెళ్లండి, ఆకులూ కవర్లూ ఇసుకలో వదలకుండా వెనక్కి తెచ్చుకోండి. పడవ షికారు, జెట్ స్కీ, కయాకింగ్ వంటివి కావాలంటే రుషికొండ. లైఫ్ జాకెట్టు వేసి, దాని పట్టీలు బిగించి చూపించని వాళ్ల పడవ ఎక్కకండి. ధర ముందే మాట్లాడుకోండి.

ఆరో మెట్టు: ప్రయాణం

రైల్వే స్టేషన్ నుంచి ఆర్కే బీచ్‌కు ఆటోలో నాలుగైదు కిలోమీటర్లు, ఇక్కడివాళ్లు కాంప్లెక్స్ అనే ఆర్టీసీ బస్టాండు నుంచి మరింత దగ్గర. రెండు గంటల ఖాళీ మాత్రమే ఉంటే, అంటే సాయంత్రం రైలుకు ముందు సముద్రాన్ని ఒకసారి చూసి వెళ్దామనుకుంటే, రుషికొండ మాటే ఎత్తకండి. రుషికొండకు పూర్తిగా ఒక పూట కేటాయించాలి. భీమిలి వైపు వెళ్లే 900కె వంటి సిటీ బస్సులు రుషికొండ మీదుగా పోతాయి, ఎక్కేటప్పుడు రుషికొండలో ఆగుతుందా అని కండక్టరును అడగండి. ఆటోలో వెళ్తే తిరుగు ప్రయాణం కూడా అప్పుడే మాట్లాడుకోండి, చీకటి పడ్డాక అక్కడ ఆటో దొరకడం కష్టం. ఆదివారాలు, సంక్రాంతి సెలవులు, నౌకాదళ విన్యాసాలు జరిగే రోజుల్లో ఆర్కే బీచ్ రోడ్డు మీద కారు నిలపడం దాదాపు అసాధ్యం, ఆ రోజుల్లో ఒక కిలోమీటరు వెనకే వాహనం వదిలి నడిచి రండి.

ఏడో మెట్టు: ఒడ్డుకు చేరాక, దిగే ముందు పది నిమిషాలు

ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎంత జాగ్రత్తగా బీచ్‌ను ఎంచుకున్నా ఈ పది నిమిషాలు వదిలేస్తే ఆ ఎంపిక వృథా. రుషికొండలో చెప్పులు విప్పకముందే కొంచెం ఎత్తైన చోట నిలబడి కెరటాలను చూడండి. చాలాచోట్ల కెరటం తెల్లగా నురగ కట్టి విరుగుతుంది. మధ్యలో ఒకచోట నురగ లేకుండా, నీరు నున్నగా, కొంచెం ముదురు రంగులోనో ఇసుక కలిసి బురద రంగులోనో, లోపలికి పోతున్నట్లు కనిపిస్తే అది ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహం. కెరటాలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరంతా తిరిగి పోవడానికి వెతుక్కున్న కాలువ అది. కెరటాలు లేవు, ప్రశాంతంగా ఉంది అనుకొని కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు.

మా బంధువుల అబ్బాయి పదిహేనేళ్ల వయసులో ఇలాంటి నున్నటి చోటే ఎంచుకున్నాడు, అదీ ఆర్కే బీచ్‌లో. మేమందరం ఇరవై అడుగుల దూరంలో కూర్చొని మాట్లాడుకుంటున్నాం. నడుము లోతులో ఉన్నవాడు మూడు కెరటాల వ్యవధిలో తల మాత్రమే కనిపించే దూరానికి వెళ్లిపోయాడు. గొంతు చించుకొని అరుస్తాడని మేం అనుకుంటాం కాని, మునిగేవాడికి అరిచే ఊపిరి ఉండదు, వాడు నోరు తెరవలేదు. పక్కన వల సర్దుకుంటున్న ఒక జాలరి చూసి, మాకు విషయం అర్థమయ్యేలోపే నీళ్లలోకి దూకి, వాడిని నేరుగా ఒడ్డుకు లాగకుండా పక్కకు లాక్కుపోయి, చాలా దూరం అవతల ఒడ్డు చేర్చాడు. ఎందుకలా పక్కకు తీసుకుపోయావని తరువాత అడిగితే, "ఎదురెళ్తే సంద్రం ఒప్పుకోదమ్మా, పక్కకెళ్తే అదే వదిలేస్తాది" అన్నాడు. నేను చదువుకున్న ఏ పాఠంలోనూ ఇంత స్పష్టంగా ఈ విషయం లేదు.

కాబట్టి లోపలికి కొట్టుకుపోతున్నట్లు అనిపిస్తే ఒడ్డు వైపు ఈదకండి. ఆ ప్రవాహం వెడల్పు సాధారణంగా తక్కువే ఉంటుంది. తీరానికి సమాంతరంగా, పక్కకు ఈదితే దాని నుంచి బయటపడతారు, అప్పుడు కెరటాలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. ఈత రానివాళ్లు వెల్లకిలా తేలి, చెయ్యి పైకెత్తి ఊపాలి. ఒడ్డున ఉన్నవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకొని గొలుసుగా దిగడం మహా ప్రమాదం, ఒకరి కోసం దిగి ఇంకో ముగ్గురు పోయిన సందర్భాలు ఉన్నాయి. లైఫ్‌గార్డును పిలవండి, తేలేది ఏదైనా, కనీసం మూత బిగించిన పెద్ద ఖాళీ నీళ్ల డబ్బా అయినా సరే విసరండి, 112కు ఫోన్ చేయండి.

ఇంకా కొన్ని చిన్న జాగ్రత్తలు. ఎర్రజెండా ఉంటే దిగకూడదు. చీర, పంజాబీ డ్రెస్సు, జీన్సు ప్యాంటు తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి, దిగదలచినవాళ్లు ఒంటికి పట్టి ఉండే తేలికైన బట్టలు తెచ్చుకోవాలి. మద్యం తాగినవాళ్లను నీళ్ల దగ్గరికి రానివ్వకండి, మొహమాటం వద్దు. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగకండి. ఒడ్డున నీలిరంగు జెల్లీ చేపలు పడి ఉంటే, చచ్చినట్లు కనిపించినా, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

ఎనిమిదో మెట్టు: రెండూ చూడాలంటే

ఒక రోజంతా చేతిలో ఉంటే రెండూ చూడవచ్చు, అయితే ఉదయం రుషికొండ, సాయంత్రం ఆర్కే బీచ్ అన్న క్రమంలోనే. చాలామంది దీనిని తలకిందులు చేసి, ఉదయం దగ్గరలో ఉందని ఆర్కే బీచ్‌కు వెళ్లి, సాయంత్రానికి రుషికొండ చేరుకుంటారు. అప్పుడు ఉదయం మ్యూజియం మూసి ఉంటుంది, సాయంత్రం నీళ్లలోకి దిగే వేళ దాటిపోతుంది, రెండు తీరాలూ చూసి కూడా రెండింటిలోనూ అసలైనది దక్కదు. ఉదయం 6 గంటలకు బయలుదేరి, 7 నుంచి 9 దాకా రుషికొండలో గడిపి, అక్కడే షవరులో ఉప్పు కడుక్కొని, ఎండ ముదిరేలోపు ఇల్లో హోటలో చేరి భోజనం చేసి పడుకోండి. మూడున్నరకు లేచి జలాంతర్గామి చూసి, ఆ తరువాత చీకటి పడేదాకా ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చోండి.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరమంతటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. సాగర్‌నగర్, రుషికొండ వైపు చీకటి పడ్డాక ఇసుక మీద ఉంటే సెల్‌ఫోన్ లైట్లు సముద్రం వైపు తిప్పకండి, మంట వేయకండి, తాబేలు కనిపిస్తే దూరంగా నిలబడి దారి ఇవ్వండి.

రెండు తీరాల మధ్య ప్రయాణం కూడా చూడదగినదే కనుక, కారులోనో ఆటోలోనో వెళ్తుంటే లోపలి దారి కాకుండా అప్పుఘర్, తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ మీదుగా బీచ్ రోడ్డు వెంటే తీసుకువెళ్లమని చెప్పండి. వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపున, తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపున ఉంటుంది, పెద్దవాళ్లను ఆ కిటికీ పక్కన కూర్చోబెట్టండి.